రెండు సెకన్లకి ఏడు తక్కువ

ల్యాబులో మా బల్ల కిటికీకి దూరంగా ఉండేది.
ఫిల్ముకి వెలుతురు పడదు, దుమ్ము పడదు,
మాటలు కూడా పడవనేది ఎతెల్కా.
తెల్లటి నూలు చేతొడుగులు, చిన్న కత్తెర,
ముక్కుపుటాలు మండించే జిగురు సీసా.
పాతికేళ్లుగా బుడాపెస్ట్ ఏడ్చిన ఏడుపులన్నీ
ఆవిడ వేళ్లమధ్యే అతుక్కుని బయటికెళ్లాయి.
ఆవిడ పేరు మాత్రం ఏ తెరమీదా పడలేదు.

ఆ చలికాలం మా బల్లమీదికి ఒక తల్లి కథ వచ్చింది.
తల్లి వేషం వేసినామెకి పిల్లల వాసన గిట్టదట,
షాటుకీ షాటుకీ మధ్య సిగరెట్టుకని బయటికి పోయేదట.
బిడ్డది మాత్రం వేషం కాదు.
బుదా కొండ అవతలి శిశుగృహం నుంచి
మూడు రోజులకి సంతకం పెట్టి తెచ్చారు,
కుర్చీలకీ దీపాలకీ రాసిన రశీదు పుస్తకంలోనే.

నెగటివ్‌లో లోకం తలకిందులు:
మంచు నల్లన, బొగ్గు తెల్లన,
పాతికేళ్ల తల్లికి ముగ్గుబుట్ట తల,
చెంపమీద మెరవాల్సిన నీటిచుక్క సిరాబొట్టు.
కొత్తలో నాకు భయమేసేది.
"అలవాటవుతుందిలే" అంది ఎతెల్కా,
"కొన్నాళ్లు పోతే వీధిలో మనుషులే
తప్పుగా కడిగినట్టు కనిపిస్తారు."

దర్శకుడు వద్దన్న ముక్క ఒకటుంది.
కట్ అన్నాక కెమెరా ఆపడం ఎవరో మరిచారు.
నటి వెళ్లిపోయింది. ఉయ్యాలతొట్టిలో బిడ్డ ఏడుస్తోంది.
గొంతు వేరే రీలులో ఉంటుంది గనక
నోరు మాత్రమే ఏడుస్తోంది.
ఫ్రేము అంచునుంచి ఒక చెయ్యి వచ్చింది,
దుస్తులు కుట్టే మనిషిదేమో,
మణికట్టుకి గుండుసూదుల మెత్త ఇంకా కట్టే ఉంది.
బిడ్డ ఆ వేలు పట్టుకుంది.
అక్కడికి రీలు సరి.

బుట్టలో పడాల్సిన ముక్క. ఎతెల్కా పడెయ్యలేదు.
పైకే లెక్కపెట్టింది: నలభై ఒకటి.
సెకనుకి ఇరవై నాలుగు బొమ్మలు,
రెండు సెకన్లకి ఏడు తక్కువ.
చుట్టచుట్టి గసగసాల డబ్బాలో దాచింది.
దొంగతనమే. నేను బ్లేడు తుడుస్తూ కూర్చున్నాను,
తుడిచిందే తుడుస్తూ.

శనివారం ట్రామెక్కి డాన్యూబ్ దాటి వెళ్లిందట.
కొత్త కోటు కాదు, పాతదానికే గుండీలు మార్చింది.
గుమాస్తా అడిగినవి మూడు: భర్త, గదులు, వయసు.
లేడు. ఒకటి. నలభై ఏడు.
"ఏ బిడ్డ?" అంటే పేరు తెలీదు.
"ఎడమ చెవి అంచు మడిచి ఉంటుంది.
వేలందిస్తే ఏడుపు మానేస్తుంది."
గుమాస్తా నవ్వలేదు, అదొక్కటే నయం.
"ఇక్కడ అందరూ మానేస్తారండీ" అంది.

మడత చెవి బిడ్డ అప్పటికే సోల్నోక్‌లో
ఎవరో దంపతుల ఇంటికి చేరింది.
ఈ సంగతి నాకు చెప్పడానికి
ఆవిడకి ఏప్రిల్ దాకా పట్టింది,
అదీ టీలో పంచదార ఎక్కువైందని విసుక్కుంటూ.

సినిమా విడుదలైనప్పుడు కలిసే వెళ్లాం.
నటి ఒంటరిగా బస్సు దిగే చోట
హాలంతా చేతిరుమాళ్లు తీసింది.
మాకు అతుకులే కనిపిస్తాయి, ఏం చేస్తాం.
ఒక అతుకు దగ్గర ఎతెల్కా పెదాలు కదిలాయి.
తెరమీద లేనిదాన్ని
మొదటినుంచీ చివరిదాకా లెక్కపెట్టుకుంది.
తర్వాత నన్ను అడిగింది, ఏమన్నా తిన్నావా అని.

ఆవిడ పోయాక డబ్బా నాకొచ్చింది.
ఎవరూ అడగలేదు, ఇంకెవరున్నారు అడగడానికి.
మొన్న మూత తీస్తే వెనిగర్ వాసన,
ఫిల్ము చచ్చిపోయేముందు అలాగే పులుస్తుంది.
వంటింటి బల్బుకి ఎదురుగా పట్టుకున్నాను:
నల్లటి పసి పిడికిలి, నల్లటి పెద్ద వేలు,
చుట్టూ తెల్లటి చీకటి.
ముప్పై ఎనిమిది దాకా లెక్క కుదిరింది.
చివరి మూడూ ఒకదాన్నొకటి అంటుకుపోయి ఉన్నాయి.
గోరు పెట్టబోయి
మానేశాను.