కిలో లెక్కన

డిగ్రీ వచ్చి ఎనిమిది నెలలు.
పట్టా ముదురు నీలం అట్టలో ఉంది,
అట్ట మీద కాక్టస్ కుండీ ఉంది.
కిటికీ గట్టు ఏటవాలు. దీంతో సరిపోయింది.

సంస్కృతి అధ్యయనం నా సబ్జెక్టు.
అంటే ఏం చేస్తావమ్మా, అని అడిగింది ట్రామ్‌లో పక్క సీటావిడ.
చూస్తాను, అన్నాను.
చూసినందుకు డబ్బులిస్తారా?
జవాబు కోసం ఆగకుండా వచ్చే స్టాపులో దిగిపోయింది.

మా ఊరు వూచ్. మా భాషలో పడవ అని అర్థం.
నదులు లేక కాదు,
బట్టల మిల్లుల కాలంలో వాటిని గొట్టాల్లోకి తోసి
రోడ్ల కింద పాతేశారు.
పడవ పైన, నీళ్లు కింద, సరిగ్గానే ఉందిగా అంటాడు మిరోన్.
వాడికి అన్నీ సరిగ్గానే ఉంటాయి.

గ్రాజినా గారి పాతబట్టల కొట్లో
సోమవారం కొత్త మూటలు విప్పుతారు. కిలో తొంభై జ్లోటీలు.
రోజురోజుకీ దిగుతూ గురువారానికి ఇరవై.
శనివారం సంచీ నిండా పది.
అభిరుచి ఉన్నవాళ్లు సోమవారం వస్తారు,
చలి వేసేవాళ్లు శనివారం.
నేను కాటా దగ్గర నిలబడతాను.
కోటి విద్యలూ కూటి కొరకేనంటారు,
నావి కోటు కొరకు.

ఈ వారం ఫోన్ నిండా అందరూ ముసలి జాలర్లు.
పోయిన వారం లైబ్రేరియన్లు,
అంతకు ముందు, విడాకులు పుచ్చుకున్న జమీందారిణులు.
సముద్రం ఇక్కణ్ణుంచి మూడొందల కిలోమీటర్లు,
అయినా ఉన్ని స్వెట్టర్లు పదింటికల్లా ఖాళీ.
నవ్వుదామనుకున్నా గానీ
నా ఒంటి మీదా ఒకటుంది, లంగరు గుండీలతో.

నేనూ రాస్తుంటాను,
చుక్కలూ కామాలూ లేకుండా, ఏమీ పట్టనట్టు.
పట్టనట్టు కనపడాలని ఒక్కో వాక్యం ఏడుసార్లు దిద్దుతాను.
నవ్వొస్తే చచ్చిపోయా అని రాస్తాం,
మొహంలో ఒక్క నరం కదలదు.
మొన్న మిరోన్ మెట్ల మీద సూప్ గిన్నెతో జారినప్పుడు
కడుపు పట్టుకుని నవ్వాను.
అది ఎలా రాయాలో తెలియలేదు.

అక్టోబర్‌లో ఒక గురువారం
కాటా మీదికి బూడిద రంగు కోటు వచ్చింది.
కిలో ఎనిమిదొందల గ్రాములు.
జేబు చిరిగి, అస్తరులోకి జారిన కాగితం.
వేలు పెట్టి లాగాను. పెన్సిల్ రాత:

గుండీ.
దారం, నీలం కాదు.
ఎవాల్డ్‌కి ఫోన్ చెయ్యొద్దు.

కోటు ఎవరో ముప్ఫై ఆరిచ్చి పట్టుకెళ్లారు.
కాగితాన్ని ఫోటో తీసి పెట్టేశాను.
ఆలోచించానని అబద్ధం చెప్పను.

పొద్దున్నకి నలభై వేల మంది.
పరీక్ష తప్పినవాళ్లు, ఉద్యోగం మానేసినవాళ్లు,
కుక్కపిల్లకి స్నానం పోస్తున్నవాళ్లు,
అందరూ అదే మాట: ఎవాల్డ్‌కి ఫోన్ చెయ్యొద్దు.
బ్యాంకు వాళ్లు కూడా వాడుకున్నారు, అప్పుల గురించి.
ముగ్గురు ఎవాల్డ్‌లు నాకు విడిగా రాశారు.
ఇద్దరు జోకులేశారు.
మూడో ఆయన,
ఆ చేతిరాత కొంచెం దగ్గరగా పెట్టగలరా, అన్నాడు.

పెట్టలేదు. బదులూ ఇవ్వలేదు.
ఎందుకని అడిగితే
దీనికి మాత్రం ట్రామ్ జవాబు కూడా లేదు నా దగ్గర.

నిన్న సోమవారం. మూట విప్పితే
పైనే ఒక తెల్ల టీషర్టు, రొమ్ము మీద ఆ మాటే, నల్లటి అచ్చులో.
మెడ పట్టీకి ధర చీటీ ఇంకా వేలాడుతోంది.
గ్రాజినా గారు కళ్లద్దాలు ఎత్తి చదివి
ఎవరమ్మా ఈ ఎవాల్డ్, ఏం చేశాడు పాపం, అంది.
నూట యాభై గ్రాములు.
గురువారం దాకా ఉంటే మూడు జ్లోటీలు.

కాగితం నా పర్సులో ఉంది, మడత దగ్గర చిరుగుతోంది.
సాయంత్రం ట్రామ్ దిగి, పనేం లేకపోయినా
మూల మీది కొట్లో గుండీ కొన్నాను.
దారం కూడా.
నీలం కాదు.