పిల్లి నిద్రపోయే పొయ్యి

ఆరువందల కిలోలట.
మాది మూడో అంతస్తు, లిఫ్టు లేదు.
అయినా చూసొద్దాం పద అన్నాడు పాణి,
చూసినందుకు సొమ్మేం పోదుగా అని.

రిచర్డ్స్ టౌన్‌లో ఆ పెంకుటింటి వంటగదిలో
జూలై జల్లుకు తడిసిన మా గొడుగులు
ఓ మూల నిలబడి వాటంతటవే ఆరాయి.
మీగడరంగు ఎనామిల్, నాలుగు ఇనప తలుపులు,
పైన రెండు గుండ్రటి మూతలు,
ఒక మూత మీద మడిచిన గోనెపట్టా,
దాని మీద పసుపుచారల పిల్లి.

థెల్మా రోజారియో గారు చెప్పుకుపోయారు:
మొదట్లో బొగ్గు, తర్వాత కిరసనాయిలు, ఇప్పుడు పైపు గ్యాసు.
దీన్ని వెలిగించడమంటూ లేదు. వెలిగే ఉంటుంది.
ఎడమ మూత కింద మరుగు, కుడి మూత కింద ఉడుకు,
కింది అరలో రాత్రి పెట్టిన గంజి పొద్దుటికి తయారు.

నాకు నవ్వొచ్చింది.
గడవని ఇంటి గురించి మావాళ్లు
పొయ్యిలో పిల్లి లేవలేదంటారు.
ఇక్కడ పొయ్యీ ఆరలేదు, పిల్లీ లేవలేదు.
దీన్ని కలిమి అనాలో లేమి అనాలో
ఏ సామెతా చెప్పదు.

మా పెద్దత్త దాలి గుర్తొచ్చింది.
పిడకల సెగ మీద పొద్దుగూకేదాకా కాగి
పాలు ఇటుకరంగు తిరిగేవి.
ఆవిడ కళ్లు కూడా.
ఆ రెండో సంగతి ఎవరూ పాలతో కలిపి చెప్పరు.

పాణి టేపు తీసి కొలుస్తున్నాడు.
నేను మనసులో లెక్కలు.
డిసెంబరులో మా దోసెలపిండి పొంగదు,
దుప్పటి కప్పి, కంప్యూటరు పక్కన పెట్టి బతిమాలుకోవాలి.
పెరుగు తోడుకోదు. సాక్సులు మూడోరోజుకీ ఆరవు.
వీటన్నిటికీ ఇది జవాబు.

కానీ పోపు?
ఆవాలు చిటపటమన్న క్షణాన మంట తగ్గాలి,
అరక్షణం దాటితే ఇంగువ మాడుతుంది.
ఈ ఇనుముకు అరక్షణం తెలీదు.
దీనికి తెలిసిన కాలమంతా పూటలు, రాత్రులు.
మరి ఏప్రిల్? బోరు ఎండి, ట్యాంకరు హారన్ కోసం
మెట్ల మీద కూచునే ఏప్రిల్‌లో
ఇంటి మధ్యన రోహిణికార్తెను కట్టేసుకోవడమా?
ఇంకోటి. పొద్దున ఎనిమిదికి తాళం వేస్తాం,
రాత్రి తొమ్మిదికి తీస్తాం.
ఆ పదమూడు గంటలూ ఇది ఎవరికోసం వేడిగా ఉండాలి?
మాకు పిల్లి కూడా లేదు.

వద్దని చెప్పడానికి పాణి గొంతు సవరించుకున్నాడు.
ఆవిడే ముందు అన్నారు:
మీరు కొనరని గొడుగు మూస్తున్నప్పుడే తెలుసు.
తొమ్మిదిమంది వచ్చారు,
అందరూ వీపు కాచుకుని వెళ్లారు.
ఒక్క సాయం చేసి పొండి.
నెలాఖరుకు ఇల్లు అప్పగించాలి.
దీన్ని ఆర్పడం నా చేతుల్తో కావట్లేదు.

కీళ్లనొప్పులు అనుకున్నాను.
వేళ్లు చూశాను. బాగానే ఉన్నాయి.

మోకాళ్ల మీద కూచుని కింది తలుపు తీశాను.
చిటికెనవేలంత నీలిమంట.
ఇంత ఇంటిని ఇంతకాలం కాచింది ఇదా!
ఇత్తడి మర తిప్పాను. బిగుసుకుపోయి ఉంది.
ఇంకాస్త తిప్పాను.
టక్ మని చిన్న చప్పుడు.
పిల్లి చెవి ఒకటి కదిలింది, అంతే.

వెళ్లేముందు టీ ఇచ్చారు,
అదే పొయ్యి మీద, మిగిలిన వేడితో.
ఆటోలో పాణి ఏమీ మాట్లాడలేదు.
టేపు ఇంకా చేతిలోనే ఉంది.

మర్నాడు సాయంత్రం మెసేజ్:
ఇంకా వెచ్చగానే ఉంది.
ఆ మర్నాడు: కుడి మూత చల్లారింది. ఎడమది కొంచెం.
మూడోనాడు ఆఫీసు నుంచి వచ్చి
మా రెండు బర్నర్ల స్టవ్ నాబ్ తిప్పి, లైటరు నొక్కి,
మంట అందుకునేలోపు
ఫోను చూశాను.

పిల్లి లేచింది, అని రాసి ఉంది.