ముందు సీటు

కూటముండ్రాలో జనవరి ఎండ.
రేకుల షెడ్డు లోపల నూటపది డిగ్రీలు.
చెక్కపెట్టెలో ఓడెక్కి వచ్చింది చిప్‌మంక్,
పేరుకి ఉడుత.
ఇంగ్లండు వాన ఇంకా దాని రెక్కల కీళ్లలో
పచ్చగా పాచిపట్టి ఉంది.

నాకు పదిహేడేళ్లు. క్లారీ బాబాయ్ రెంచీ అందించి
"ముందు సీటు పీకెయ్, అమ్మాయ్" అన్నాడు.
ముందుది నేర్చుకునేవాడిది.
వెనకది కసురుకునేవాడిది.

పీకేముందు ఒక్కసారి కూర్చున్నాను.
పారాచూట్ మడిచి కూర్చోవాల్సిన గుంట అది,
లేకుండా కూర్చుంటే కూరుకుపోతాం.
నాకు ముక్కు తప్ప ఆకాశం కనపడలేదు.

మూడు బోల్టులు తేలిగ్గానే వచ్చాయి.
నాలుగోది
బాబాయ్ బూతులు విన్నాక గాని కదల్లేదు.
కింద దొరికినవి: కొరికిన పెన్సిలు ముక్క,
నీలం కోటు బొత్తాం,
పక్క రేకు మీద మేకుతో గీసిన గీతలు.
పదకొండు. పన్నెండోది సగంలో ఆగింది.
ఎగిరిన గంటలా, దిగిన సార్లా?
ఆ కుర్రాడు పాసయ్యాడా, ఇంటికి పంపేశారా?
"రంగు వేసెయ్" అన్నాడు బాబాయ్.
వేశాను. ఆ సగం గీత దగ్గర మాత్రం
బ్రష్షుకి రంగు చాల్లేదు.

ఆ ఖాళీలోకి ట్యాంకు దించాం.
బాంబు ఏనాడూ మొయ్యని ఒళ్లు
కలుపుమందు మోయడం మొదలెట్టింది
ఉడుతా భక్తిగా,
గోధుమ కంకులు చక్రాలకి రాసుకునేంత కిందగా.

వెనక సీట్లో లెస్ ప్రిడో.
ఎయిర్‌ఫోర్సులో తొమ్మిదేళ్లు పాఠాలు చెప్పినవాడు.
మందు నింపడానికి నేను రెక్కెక్కితే
ఇంజిన్ చిన్నగా దగ్గుతూ ఉండేది,
లెస్ ముందుకి వంగి అంటూ ఉండేవాడు:
"ఎడమకాలు, నాయనా, ఎడమకాలు.
కర్రని అలా పిసక్కు. పిట్టని పట్టుకున్నట్టు పట్టుకో.
ఆఁ, అదీ."

ట్యాంకుతో.

బాబాయ్‌కి చెప్తే, సిగరెట్టు చుట్టుకుంటూ
"వాడి క్లాసులో భయపడనిది
ఆ ట్యాంకొక్కటే" అన్నాడు.

ఆ సీటు పారెయ్యమన్నారు. పారెయ్యలేదు.
షెడ్డు వెనక, డీజిలు పీపాల నీడలో పెట్టాను.
టీ తాగేటప్పుడు కూర్చుందామని.
ఎక్కడ కుదిరింది!
ఆదివారం చూసేసరికి
మిసెస్ టాన్‌క్రెడ్ వాళ్ల గోధుమరంగు కోడి
పారాచూట్ గుంటలో సరిగ్గా ఇమిడిపోయి
నన్ను చూసి, లేవకుండా,
మెడ మాత్రం తిప్పింది.