రాళ్ళు లేని ఊరు

కర్నూలు వైపు నించి వచ్చారు మా కొత్త పాస్టరు, అబ్నేరు గారు.
మొదటి ఆదివారమే విత్తనాల ఉపమానం ఎత్తుకున్నారు.
రాతినేల, అన్నారు. రాతినేల మీద పడ్డ గింజ, అన్నారు.
వెనక చాప మీద ఊడుపుల ముఠా ఆడాళ్ళం
కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నాం.
అయ్యా, మా ఊళ్ళో రాయెక్కడిది?
ఏరు మోసుకొచ్చి పోసిన ఒండ్రే ఊరంతా.
ఈ గుడి పునాదికి రాయి కావాలంటే
రాజమండ్రి నించి లారీ మీద రావాల్సొచ్చింది,
ఆ కిరాయి బాకీ ఇంకా తీరలేదు.

దారిన పడ్డ గింజ, అన్నారు.
దారిన ఎవరు పోస్తారయ్యా విత్తనం?
గోనెసంచిలో కట్టి, కాలవలో నానేసి,
గడ్డి కప్పి, బరువెట్టి, మండె కడతాం.
రెండు రాత్రులకి లోపల వేడి పుడుతుంది.
చెయ్యి పెడితే జొరమొచ్చిన పిల్ల ఒళ్ళులా ఉంటుంది.
తెల్లగా మోసు కనపడ్డాకే
ఆకుమడిలో చల్లేది.

అక్కడితో అయిపోదు. అది మాత్రం ఆయన చెప్పలేదు.
పచ్చగా నవనవలాడే నారుని
ఇరవయ్యైదో రోజున వేళ్ళతో సహా పీకేస్తాం.
బురద జాడించి, కట్టలు కట్టి, గట్టు మీంచి విసిరేస్తాం.
ఒక పూటంతా వాడి పడుంటుంది, చచ్చినట్టే.
అప్పుడు ఇంకో మడిలో గుచ్చుతాం,
నడుం వంచి, వెనక్కి వెనక్కి నడుస్తూ.

తొమ్మిదేళ్ళప్పుడు సండే స్కూల్లో
వాక్యం అప్పజెప్పి సబ్బుపెట్టె గెలుచుకున్నాను.
గులాబీ రంగుది, మూత మీద బాతు.
వాక్యం ఏమైపోయిందో గానీ సబ్బుపెట్టె పెళ్ళిదాకా ఉంది.
మా పెద్దది రూతుని
కాకినాడ పెద్దాసుపత్రి వరండాలో పడుకోబెట్టిన రాత్రి,
తెల్లారేలోగా వదులుకున్న రాత్రి,
నన్నెవరో వేళ్ళతో సహా పీకారు.
సైకిలు స్టాండు దగ్గర మట్టిలో చతికిలబడితే
నా నోరు దానంతటదే అప్పజెప్పింది,
ఒక్క ముక్క పొల్లుపోకుండా.
అర్థమైందని చెప్పను.
గుచ్చుకుంది.

మా ఆయన ఫిలేమోను సంగతి వేరు.
కౌలుకి చేసే ఎకరం పక్కన ఎవరో రొయ్యల చెరువు తవ్వారు.
ఉప్పు గట్టు దాటి ఊరింది.
చేలో ముగ్గు జల్లినట్టు తెల్లటి పొడి లేచింది.
ఆ ఏడే రూతు పోయింది. ఆయనలోనూ అదే పొడి.
గుళ్ళోకి రాడు. ఎదురుగా తూము మీద కూర్చుని
గుడికి వీపు తిప్పి బీడీ కాలుస్తాడు.
మైకులో వచ్చేదంతా వింటాడని నాకు తెలుసు,
అన్నం దగ్గర దాని మీదే దెబ్బలాడతాడు.

"మీ ఆయనది ఏ నేలమ్మా?" అనడిగారు పాస్టరు గారు.
"చూద్దురు గాని రండి" అన్నాను.
నేనేదో మాటవరసకి అంటే ఆయన నిజంగానే వచ్చారు.
పంచె ఎగ్గట్టి పక్క చేలోకి దిగి
మోకాలి దాకా దిగబడ్డారు.
ఫిలేమోనే చెయ్యిచ్చి లాగాడు.
మనిషి వచ్చారు, ఒక చెప్పు రాలేదు.

ఆ సాయంత్రం ఇద్దరూ తూము మీద కూర్చున్నారు.
దేవుడి మాటే రాలేదు. చౌడు మాటే.
వెంటనే వరి వెయ్యకూడదండీ, అన్నాడు మా ఆయన.
కాలవ నీళ్ళు నిలగట్టాలి, వారం ఆగి తీసెయ్యాలి,
మళ్ళీ కట్టాలి, మళ్ళీ తియ్యాలి.
జీలుగ చల్లాలి, అది ఉప్పుకి జడవదు.
నడుమెత్తు లేచాక కలియదున్నెయ్యాలి.
చెప్తూనే ఉన్నాడు, దీపాలు పెట్టేదాకా.
పాస్టరు గారు కింద కూర్చున్న పిల్లాడిలా విన్నారు.
"ఎన్నేళ్ళు పడుతుంది?"
"రెండు. ఒక్కోసారి మూడు. కాలవ వదిలితేనే లెండి."

మరుసటి ఆదివారం రాళ్ళ ఊసు లేదు ప్రసంగంలో.
అయ్యగారి కాళ్ళకి కొత్త చెప్పులు.
కిటికీలోంచి చూశాను.
తూము మీద మనిషి కాస్త పక్కకి తిరిగి కూర్చున్నాడు.
బీడీ మాత్రం ఆర్పలేదు.