బాయిలర్ గది గొళ్ళెం

కంప్యూటర్ గది గోడకి
నా చేతిరాతతో అంటించిన కాగితం ఉంది.
తొమ్మిది నియమాలు.
నీ పాస్‌వర్డ్ పక్కవాడికి చెప్పకు.
పక్కవాడి పాస్‌వర్డ్ నువ్వు అడగకు.
కీబోర్డు దగ్గర రొట్టె తినకు.
యంత్రాల మీద తడి గుడ్డలు పెట్టకు.
అక్కణ్ణించి దాదాపు అన్నీ ఇలాంటివే.
చివరిది చదివి మాత్రం పిల్లలు నవ్వుతారు:
లేచేటప్పుడు కుర్చీ లోపలికి తొయ్యి.

నారిన్ కొండల్లో జనవరి.
మంచు కిటికీకి లోపలివైపు కూడా పేరుకుంటుంది.
పదకొండు కంప్యూటర్లు, ఇరవై ఆరుగురు పిల్లలు.
ఒక్కో అక్షరం కొట్టే ముందు
వేళ్ళ మీద ఊదుకుంటారు.
కింద బాయిలర్ గదిలో మమిర్‌కాన్
తెల్లవారుజామున మూడింటికి బొగ్గు వేస్తేనే
ఎనిమిదింటికి మా గొట్టాలు గోరువెచ్చనవుతాయి.
పదింటికి ఆయన కునుకు తీస్తాడు. అది అందరికీ తెలుసు.
తడిసిన చేతి తొడుగులు ఆరేసుకోడానికి వెళ్ళిన పిల్లలు
మునివేళ్ళ మీద నడిచి తిరిగొచ్చేవాళ్ళు,
ఆ నిద్ర బడి ఆస్తి అయినట్టు.

ఎల్దియార్ కూడా అలాగే వెళ్ళాడు.
వాడి చేతిలో ఫోను ఉంది.

తెరుచుకున్న నోరు, జారిన టోపీ, గడ్డం మీద మసి.
కింద వాడు రాసిన ఒక్క వాక్యం:
"మన బడిలో కష్టపడి పనిచేసేది ఈయనొక్కడే."
బడి కంప్యూటర్లోంచే పెట్టాడు, మూడో వరస, కిటికీ పక్కది.
నిజం చెప్పాలి. చూడగానే నాకూ నవ్వొచ్చింది.
ఆ నవ్వు ఎక్కడ దాచుకోవాలో ఇప్పటికీ తెలీదు.

పిలిచి నిలబెట్టాను.
వాడు గోడవైపు చూపించి అడిగాడు,
"వీటిలో ఏది తప్పాను, టీచర్?"
పొగరు కాదది. నిజంగానే వెతుకుతున్నాడు.
ఒకటి నుంచి తొమ్మిది దాకా నేనూ చదివాను.
వాడి కుర్చీ కూడా లోపలికే తోసి ఉంది.

మధ్యాహ్నం మమిర్‌కాన్ మెట్లెక్కి వచ్చాడు,
బూట్లు గుమ్మం బయటే విప్పి.
చూపించమన్నాడు. చూపించాం.
తెర మీదికి బాగా వంగి
"ఈ పక్క పళ్ళు ఇన్ని పోయాయా" అన్నాడు.
తర్వాత, "ఎంతమంది చూశారు?"
ఎల్దియార్ గొంతు పెగల్లేదు, రెండోసారికి గానీ.
"ఆరువందల నలభై."
"పసిపిల్లల్ని కలిపినా మన ఊరు నాలుగొందలు దాటదే.
మిగతావాళ్ళెవరు?"
గదిలో ఎవరి దగ్గరా జవాబు లేదు.
కంప్యూటర్ల లోపల ఫ్యాన్లు గుర్రుమంటున్నాయి.

వాడు తీసేశాడు, ఆయన ముందే, ఒక్క నొక్కుతో.
"పోయిందా?" అన్నాడు మమిర్‌కాన్.
"ఇక్కణ్ణించి పోయింది" అన్నాను.
పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు.
ఇప్పుడు పెదవి దాకా రానక్కర్లేదు,
బొటనవేలు కాస్త ఆగకపోతే చాలు.

మర్నాటి నుంచి బాయిలర్ గదికి లోపల గొళ్ళెం.
వేడి మాత్రం ఎనిమిదింటికల్లా వస్తోంది,
ఒక్క నిమిషం ఆలస్యం లేకుండా.
అదే మాకు ఎక్కువ చలిగా ఉంది.
తొడుగులిప్పుడు కంప్యూటర్ల మీదే ఆరేస్తున్నారు.
నాలుగో నియమం. చూసీ చూడనట్టున్నాను.

ఎల్దియార్ రోజూ ఒక బకెట్ బొగ్గు మోసుకెళ్ళి
ఆ తలుపు ముందు పెట్టి వస్తాడు.
నేను చెప్పలేదు. ఎవరూ చెప్పలేదు.
సాయంత్రానికి ఖాళీ బకెట్ బయట ఉంటుంది,
తలుపు మూసే ఉంటుంది.

కాగితం అడుగున పది అని అంకె వేశాను.
"ఎదుటివాడు నిద్రలో ఉన్నప్పుడు" అని మొదలెట్టి కొట్టేశాను.
"అడిగి" అని రాసి, అదీ కొట్టేశాను.
వెనకనించి ఐజిరెక్ చూసి
"టీచర్, ఇదంతా రాయాలంటే గోడ చాలదేమో" అంది.

నిన్న, పదకొండో కంప్యూటర్ కూడా ఆపేశాక,
ఫ్యాన్లన్నీ ఊరుకున్నాక,
కింద ఇనుము మీద ఇనుము రాసుకున్న చప్పుడు.
గొళ్ళెమో,
పార బొగ్గులోకి దిగడమో.
ఎల్దియార్ తలెత్తాడు.
జేబులోంచి తడి తొడుగులు తీసి, చూసి,
మళ్ళీ జేబులోనే పెట్టుకున్నాడు.