నాలుగు సెకన్లు

తేరుబలిలో కొలిమి చల్లారదు.
ఆదివారం కూడా దగ్గుతూనే ఉంటుంది,
షెడ్డు మీద రేకులు వణుకుతూనే ఉంటాయి.
అందుకే కాబోలు
ఆ డ్రమ్ముల మోతకి మావాళ్ళు బెదరలేదు.

క్యాసెట్టు తెచ్చింది మా అన్న,
కొరికాన ఢిల్లీశ్వర్రావు, క్రేను ఆపరేటరు.
విశాఖ పోర్టులో ఓ ఓడమనిషి దగ్గర
రెండు కిలోల జీడిపప్పుకి మార్చుకున్నాడు.
అట్ట మీద ఐదుగురు జులపాల మనుషులు,
వాళ్ళ వెనక పొగగొట్టాలు.
"సూడు, ఆళ్ళూరూ మనూరు నాగే ఉంది"
అన్నాడు.
అభిమానం అక్కడే మొదలైపోయింది.
పాట తర్వాత విన్నారు.

లండను కాదట వాళ్ళది,
ఇనుము కరిగించే ఊరట.
ఆ సంగతి తెలిసిన రోజు
అన్న క్యాంటీన్లో అందరికీ టీ ఇప్పించాడు,
సొంత మేనమామ కబురు దొరికినట్టు.

రెండో షిఫ్టు దిగాక
నిరాకార్ బెహరా క్వార్టర్లో చేరేవారు.
ముగ్గురే. మూడోవాడు లచ్చు కడ్రకా,
కొండ దిగి పనికొచ్చేవాడు.
ముగ్గురిలో ఎవరికీ ఇంగ్లీషు ముక్క రాదు.
పల్లవి దగ్గర నిరాకార్‌కి
"బర్సా ఆసుచి" అని వినబడేది, వాన వస్తోందని.
అదే చోట మా అన్నకి
"బారసాల చూసీ" అని వినబడేది.
ఏడాది పాటు తగువు.
లచ్చు మాటల జోలికి పోలేదు.
మోకాలి మీద వేళ్ళతో వరస పట్టి
"వాయించేవాడు మా కొండోడే" అనేవాడు.

నేను కిటికీ అవతల,
అన్నకి క్యారేజీ పట్టుకుని.
పప్పు చల్లారిపోయేది.
నాకు తెలుస్తూనే ఉండేది, కదిలేదాన్ని కాదు.

ఓ మార్చి మధ్యాహ్నం
టేపురికార్డరు క్యాసెట్టు పేగు నమిలేసింది.
కరిగిన లోహం పక్కన నిలబడి బీడీ కాల్చే మగాళ్ళు
ఆ నల్ల రిబ్బను ఒళ్ళో వేసుకుని
బిక్కచచ్చిపోయి కూచున్నారు.
అప్పుడు లోపలికి వెళ్ళాను, మొదటిసారి.
నలిగిన ముక్క బ్లేడుతో కోసేసి
రాయగడలో కొన్న మెరూన్ గోళ్ళరంగుతో
రెండు కొసలూ అతికించాను,
ఊదాను, ఆరేదాకా ఊదుతూనే ఉన్నాను.

నాలుగు సెకన్లు పోయాయి.
గిటారు ఎక్కుతూ ఎక్కుతూ
శిఖరం చూడకుండానే
అవతలి లోయలో తేలేది.
ఎవరూ ఏమీ అనలేదు.
మర్నాటి నుంచి లోపల నాకొక పీట.

(నిరాకార్ ఇంటికే కోడలినయ్యాను.
అది వేరే కథ, అందులో పాటలు తక్కువ.)

వాళ్ళు విడిపోయారని ఒకసారి విన్నాం,
కలిశారని రెండుసార్లు.
డ్రమ్ములవాడు పోయాడు, కొత్తవాణ్ణి పెట్టుకున్నారు.
మాకూ అంతే.
అన్న వీఆరెస్ తీసుకున్నాడు.
నిరాకార్ ఎడమ చెవిని కొలిమి తినేసింది.
లచ్చు దగ్గి దగ్గి
ఓ శ్రావణంలో ఆగిపోయాడు.
కొత్తవాణ్ణి మాత్రం పెట్టుకోలేకపోయాం.

మొన్న లచ్చు కొడుకు ఫోను పట్టుకొచ్చాడు.
"మామా, మీవాళ్ళ ఆఖరి కచేరీ."
డెబ్బయి దాటిన మనిషి ఎత్తు బల్ల మీద కూచుని
ఆ పాటే ఎత్తుకున్నాడు,
గొంతు రెండు మెట్లు దిగి ఉంది.
గిటారు కొండెక్కింది.
మేం ముగ్గురం ఒక్కసారే
లోయలోకి దూకేశాం.
అన్న చెయ్యి గాల్లో, నా తల కిందికి.
ఫోనులో వాళ్ళింకా పైనే ఉన్నారు,
మేమెప్పుడూ వినని చోట,
నెమ్మదిగా, తొందరేం లేకుండా.

"ఏమైంది, అందరూ ఉలిక్కిపడ్డారు?" అన్నాడు కుర్రాడు.
"ఆళ్ళు తప్పు వాయించీసినారు," అన్నాడు అన్న.

పల్లవి దగ్గర ముసలాయన ఊపిరి చాలక
మైకు జనం వైపు తిప్పాడు.
వేలమంది అందుకున్నారు.
నిరాకార్ ఫోను లాక్కుని
కుడి చెవికి ఆనించుకున్నాడు,
కళ్ళు మూసుకున్నాడు.
"విను. బర్సా ఆసుచి. వాళ్ళూ అదే అంటున్నారు."

అన్న కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.
"బారసాల," అన్నాడు.