మిడత దాకా

ఆరొందల ఎనభై పెసోలు, అంతే.
సెనాయిదా అత్త వాటిని మూడు చోట్ల దాచింది.
శాలువా కొంగున కొన్ని, చెప్పులో కొన్ని,
మిగతావి ఎక్కడో నాకు చెప్పలేదు.
"దొంగ అడక్కముందే నీ మొహం చెప్పేస్తుంది" అంది.

వహాకా నుంచి రాత్రంతా బస్సు.
తెల్లారేసరికి కిటికీ నిండా మెహికో నగరం,
కొండలు కూడా ఇళ్ళు తొడుక్కుని కూర్చున్నాయి.
అత్త సిలువ గుర్తు వేసుకుని
"ఇంతమందికీ పొద్దున్నే ఎవరు వండుతారే?" అని అడిగింది.

వండేవాళ్ళు బస్టాండు గేటు దగ్గరే ఉన్నారు.
రొట్టెను చీల్చి మధ్యలో తమాలె కూరి ఇచ్చారు,
పిండిలో పిండి!
ఇద్దరికీ ఒకటే కొన్నాం.
మధ్యాహ్నం దాకా ఆకలి మా జోలికి రాలేదు.

మెట్రోకి ఐదు పెసోలు.
ఎంత దూరమైనా ఐదేనని తెలిశాక
అత్త దగ్గర స్టేషన్లో దిగడం మానేసింది.

తనకి చదువు రాదు.
నాకు వచ్చు, అందుకే దారి తప్పింది నేను.
ఆ పొడుగాటి పేర్లు కూడబలుక్కునేలోపు
తలుపులు మూసుకునేవి.
తను బొమ్మలు చూసుకుంటూ పోయింది.
బాతు, తర్వాత ఆపిల్ పళ్ళ పెట్టె,
ఎక్కడో చాలా దూరాన గంట,
"గంట దాటాక రెండోది మిడత. అక్కడ దిగాలి"
అంది, ఆ సొరంగం తనే తవ్వించినట్టు.

మధ్యలో ఒకచోట, రైలు మారే దారిలో,
గుండ్రటి రాతి గుడి.
గాలిదేవుడిదట, ఎన్ని వందల ఏళ్ళదో.
జనం గడియారం చూసుకుంటూ పక్కనుంచి పోతున్నారు.
"దీనికి వేరే డబ్బులా?"
"లేదత్తా, ఆ ఐదులోనే."
అత్త చాలాసేపు నిలబడింది.
కింద రైలు వచ్చి మా పావడాలు ఎగరేసింది.
"ఈ గాలీ ఆయనదేనేమో" అంది.

ఆదివారం కదా, మ్యూజియం మాకు ఊరికే.
అద్దం వెనక నడుముకి కట్టుకునే మగ్గం,
సరిగ్గా అత్త మగ్గం లాంటిదే,
పైన చిన్న దీపం.
"ఎవరో పోయినట్టు దీపం పెట్టారేమిటి?
నిన్న పొద్దున కూడా నేశాను దీని మీద!"
కాపలా అబ్బాయి నవ్వు ఆపుకోలేక
టోపీ సర్దుకున్నాడు.

ఎనిమిదో అంతస్తులో కాఫీ తాగితే
పాలరాతి భవనం గోపురాలు కనిపిస్తాయని
మా ఊరి టీచరమ్మ చెప్పింది.
ధర చూసి దిగివచ్చాం.
దిగేటప్పుడు మెట్ల కిటికీలోంచి
ఒక గోపురంలో సగం కనిపించింది.
సగానికి ఎవరూ బిల్లు వేయలేదు.

సాయంత్రం, జనం తోసుకునే ఆ రాతివీధిలో,
ఖాకీ బట్టల మనిషి పెట్టె వాద్యం తిప్పుతున్నాడు.
పాట ఎక్కడెక్కడో పళ్ళు ఊడిపోయి వినిపిస్తోంది.
నేను దాటి వెళ్ళిపోయాను.
వెనక్కి తిరిగితే అత్త
నడివీధిలో ఒంటికాలి మీద నిలబడి
చెప్పు విప్పుతోంది.
యాభై నోటు!
అది మా రాత్రి భోజనం.
టమాటాకి అర పెసో తగ్గించమని
సంత మొత్తం వినేలా గొడవపడే మనిషి,
ముడతలు సాపుచేసి మరీ వాడి టోపీలో వేసింది.

నాకు కోపం వచ్చింది. చాలా దూరం మాట్లాడలేదు.
తనే అంది చివరికి:
"పొద్దుట్నుంచీ ఇంత ఊరు ఊరికే చూశాం.
ఎవరికో ఒకరికి బాకీ తీర్చాలిగా."

ఆ రాత్రి సంచి అడుగున మిగిలిన ఎండు తోర్తియా ముక్కలు.
ఆకలి రుచి ఎరగదంటారు గాని
ఉప్పు తక్కువైందని మాత్రం ఎరిగింది.

మర్నాడు బస్సుకి ఇంకా రెండు గంటలు.
బెంచీ మీద కూర్చుని అత్త జడ విప్పింది.
ఎర్ర రిబ్బను మడతలోంచి
రెండు ఐదు పెసోల బిళ్ళలు అరచేతిలో పడ్డాయి.
ఓహో, మూడో చోటు!

"పైకి రాకుండా
మిడత దాకా వెళ్ళి తిరిగి రావచ్చు కదే?"